ఆరు గిన్నెల పెట్టె

గృహప్రవేశం బాగానే జరిగింది. పనసపొట్టు కూర చాలా బాగుంది. ఇక ఆ సంగతి వదిలేస్తాను, రాత్రి పదకొండింటికి కూర్చుని రాస్తున్నది దాని గురించి కాదు.

నేనిచ్చిన కంచు గిన్నెల పెట్టెను మా ఆడపడుచు కోడలు అక్కడికక్కడే విప్పింది. విప్పితే విప్పింది. ఒక గిన్నె తీసి, బోర్లించి, అడుగున ముద్ర ఏమైనా ఉందేమోనని వెతికింది. బొటనవేలితో రుద్ది మరీ చూసింది. "ఇవి డిష్‌వాషర్‌లో వెయ్యకూడదు కదా అత్తయ్యా" అంది. అని ఊరుకుంటేనా? ఆ గిన్నెను పక్కనున్న స్నేహితురాలి చేతికిచ్చి, "మా అత్తయ్యగారికి పాతకాలం వస్తువులంటే పిచ్చి" అని నవ్వింది. పెట్టె బల్ల కిందికి వెళ్లింది. బల్ల మీద ఎవరో ఇచ్చిన కాఫీ యంత్రం దర్జాగా కూర్చుంది. కారులో వస్తూ చెబితే ఆయన, "ప్రతిదానికీ పట్టింపే నీకు" అన్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందే కదా.

ఈమధ్య ఓడల పుస్తకాలు పట్టుకుని కూర్చుంటున్నానని రాశాను కదా. చీర కూడా మార్చుకోకుండా అదే తెరిచాను. పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా, కేరళ తీరంలోని కాలికట్ రాజు జామోరిన్ కోసం సిద్ధం చేసిన కానుకల జాబితా వచ్చింది. ఓడలో ఉన్న మనిషే ఒకడు రోజువారీగా రాసుకున్న వివరం ఇది. చారల బట్టలు పన్నెండు, ఎర్రని తలముసుగులు నాలుగు, టోపీలు ఆరు, పగడాల పేటలు నాలుగు, ఒక పెట్టె చక్కెర, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. వీటితో పాటు చేతులు కడుక్కునే గిన్నెల పెట్టె ఒకటి. అందులో గిన్నెలు ఆరు.

నావీ ఆరే!

అక్కడి పద్ధతి ప్రకారం రాజుకిచ్చేది ముందుగా అధికారులకు చూపించాలట. వాళ్లు వచ్చి చూసి పకపకా నవ్వారు. మక్కా నుంచి వచ్చే అతి పేద వర్తకుడు కూడా ఇంతకన్నా ఎక్కువే ఇస్తాడని, రాజుకు ఇవ్వాలనుకుంటే బంగారం ఇవ్వమని మొహం మీదే చెప్పారు. 1497 జూలైలో లిస్బన్‌లో బయలుదేరి, ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి, మాలింది రేవులో దారి తెలిసిన నావికుణ్ని ఎక్కించుకుని, మరుసటి ఏడాది మే 20న ఇక్కడ లంగరు వేసిన మనిషి. పది నెలలు నీళ్ల మీద ఊగి వస్తే ఇదా మర్యాద? నాకు గామా మీద పట్టరాని జాలి కలిగింది. ఆ అధికారి కూడా గిన్నెను బోర్లించే చూసి ఉంటాడు.

అప్పుడే చదివింపులు గుర్తొచ్చాయి. మా ఊళ్లో పెళ్లంటే పందిరి మూలన బల్ల వేసి, అంచులకు పసుపు రాసిన పొడవాటి పుస్తకం పెట్టుకుని తాతయ్య కూర్చునేవారు. పక్కన మైకు పట్టుకుని ఒకాయన. "ఫలానా ఊరు, ఫలానావారు, నూట పదహారు రూపాయలు, పెళ్లికూతురికి చీర" అంటూ గొంతు చించుకునేవాడు. మొత్తాన్ని బట్టి గొంతు. వెయ్యి నూట పదహార్లు అయితే పక్క వీధికి కూడా వినబడేది. అయిదు రూపాయలైతే గొణుగుడే. ఒకసారి మాకు పాలు పోసే ముసలమ్మ ఒక చెంబు తెచ్చింది. పాతదే, చింతపండుతో తోమి తళతళలాడించింది. ఆయన దాన్ని గొణిగి పక్కన పెట్టేస్తే, తాతయ్య కలం ఆపి, "మళ్లీ చదవరా" అన్నారు. మళ్లీ చదివాడు, ఈసారి మైకు కూసేటంత గట్టిగా. ఆవిడ తల మీద కొంగు సర్దుకుని భోజనాల బంతి వైపు వెళ్లింది.

ఇక్కడిదాకా రాసి, ఆ రోజుల్లో ఇచ్చిన మనసుకు విలువ ఉండేది అని రాయబోయాను. రాయను. ఆ పుస్తకం ఎందుకు దాచేవారో నాకు తెలుసు. ఎవరింట్లోనైనా పెళ్లి వస్తే నానమ్మ దాన్ని అటక మీంచి దింపించి, "వాళ్లు మనకెంత చదివించారు?" అని వేలు పెట్టి వెతికేది. అణా పైసలతో సహా లెక్క. కాబట్టి కాలికట్ అధికారులను నేను ఏమనాలి? రిక్తహస్తాలతో రాజు దగ్గరికి వెళ్లకూడదని మన పెద్దలూ చెప్పినదే కదా.

పైగా జామోరిన్ ఎలాంటి రాజు! మొదటి దర్శనంలో ఆయన పచ్చ మఖమలు పరిచిన ఆసనం మీద తాంబూలం నములుతూ కూర్చున్నాడు. చేతిలో ఉమ్మడానికి బంగారు పాత్ర. పక్కన తమలపాకులు పెట్టిన బంగారు పళ్లెం, మనిషి రెండు చేతులూ చాపితే గానీ కౌగిట్లోకి రానంతది. ఆ ఇంటికి చేతులు కడుక్కునే గిన్నెలు! అరేబియా, పర్షియా వైపు రేవులైన ఏడెన్, హోర్ముజ్‌ల ఓడలు వచ్చే రేవు అది. అంతకు ముప్పావు శతాబ్దం ముందే చైనా చక్రవర్తి పెద్ద పెద్ద నౌకాదళాలను అక్కడికి పంపాడు. పోర్చుగీసువాళ్లకేమో పశ్చిమ ఆఫ్రికా తీరం అలవాటు. 1482లో ఎల్మినాలో కోట కట్టుకుని, ఇత్తడి గిన్నెలూ బట్టలూ ఇచ్చి బంగారం తెచ్చుకునేవారు. ఆ సరుకే ఇక్కడికీ సర్దారు.

నవ్వినప్పుడు గామా ఏమన్నాడో చూడండి. తాను వర్తకుణ్ని కాదు, రాయబారిని అన్నాడు. ఇవి తన సొంతవి, రాజువి కావన్నాడు. మళ్లీ మనుషుల్ని పంపితే మా రాజు ఇంతకన్నా గొప్పవి పంపుతాడన్నాడు. ఎంత నేర్పుగా తప్పుకున్నాడో! మర్నాడు గుమ్మం దగ్గర నాలుగు గంటలు నిలబెట్టాక జామోరిన్ అడిగాడు: చాలా సంపన్న రాజ్యం నుంచి వచ్చానన్నావు, ఏమీ తేలేదే? కొత్త ప్రదేశాలు చూడడానికే వచ్చామని గామా జవాబు. చూడవచ్చింది రాళ్లనా, మనుషులనా? మనుషులనైతే ఏమీ తేకుండా ఎలా వచ్చావు? ఈ ప్రశ్న చదివాక నేను పూర్తిగా జామోరిన్ పక్షానికి వెళ్లిపోయాను.

మళ్లీ ఒక చిక్కు. ఆగస్టులో గామా తిరుగు ప్రయాణం కట్టినప్పుడు జామోరిన్ తాటాకు మీద పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాయించి ఇచ్చాడు. మా దేశంలో దాల్చినచెక్క, లవంగాలు, అల్లం, మిరియాలు, రత్నాలు ఉన్నాయి, మీ నుంచి మాకు కావలసింది బంగారం, వెండి, పగడాలు, ఎర్రని బట్ట అని. పగడాలూ ఎర్రబట్టా ఆ నవ్వులపాలైన కానుకల్లో ఉన్నవే! అంటే వస్తువు నచ్చక కాదు, పిసరంత తెచ్చాడని. ఈ లెక్కన నా గిన్నెలకూ గామా గిన్నెలకూ పోలికే లేదు. నావి బరువైన కంచు, చవకవేమీ కాదు.

1500లో పోర్చుగల్ రాజు పంపిన మరో నావికుడు కబ్రాల్ వచ్చేసరికి పాఠం వంటబట్టింది. మళ్లీ గిన్నే, కానీ వెండిది, బంగారు పూతది. వ్యాపారానికి కోఠీ, అంటే సరుకు దాచి అమ్ముకునే చోటు, దొరికింది. నెలలు తిరక్కుండానే గొడవలు, ఆ కోఠీ మీద దాడి, యాభై మందికి పైగా పోర్చుగీసుల చావు, ఊరి మీద ఫిరంగులు. 1502లో గామా తిరిగి వచ్చాడు, ఇరవైకి అటూఇటూగా ఓడలతో. మక్కా నుంచి యాత్రికులతో వస్తున్న ఓడను పట్టుకుని, సరుకు తీసుకుని, వందలాది మంది లోపలుండగా నిప్పు పెట్టించాడు. ఆడవాళ్లు తమ నగలనూ చంటిపిల్లలనూ పైకెత్తి చూపించారని వాళ్లతో వచ్చిన ఒక పోర్చుగీసువాడే రాశాడు. ఇందాకటి జాలిని వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగేళ్ల కిందట నవ్విన అధికారికీ ఆ ఓడలోని తల్లులకూ సంబంధం ఏమిటి?

ఇంకొకటి చెప్పి ఆపుతాను. గామా తిరిగి లిస్బన్ చేరిన 1499లోనే రాజు మానుయెల్ తన బిరుదుల్లో కొత్తవి చేర్చుకున్నాడు: ఇథియోపియా, అరేబియా, పర్షియా, భారతదేశాల విజయానికీ నౌకాయానానికీ వాణిజ్యానికీ ప్రభువు. కాలికట్‌లో తన మనిషి తెచ్చిన కానుకను గుమ్మం కూడా దాటనివ్వలేదని తెలిసే రాయించుకున్నాడు.