ఎడమ పక్క షియా, కుడి పక్క మామిడి

నా వెంట్రుక ఒక్కటి తీసి రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే గాలం దారంలా చేతికి తగులుతుంది. అక్క వెంట్రుక అలాగే పట్టుకుంటే వేళ్ల మధ్య అసలేమైనా ఉందా అని అనుమానం వస్తుంది. జడ వేస్తే మాత్రం ఇద్దరివీ దాదాపు ఒకే లావు. జుట్టు ఒత్తుగా ఉండటం వేరు, ఒక్కో వెంట్రుకే లావుగా ఉండటం వేరు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఆ రెండూ ఉన్నాయి, పైగా వంకీలు. ఎనిమిదేళ్లు స్ట్రెయిటెనింగ్ చేయించి, కొసలు కొబ్బరి పీచులా తయారయ్యాక ఇక చాలనుకుని మానేశాను. నా అసలు జుట్టు పెరిగి బయటికి రావడం మొదలయ్యాక గానీ తెలియలేదు, దాన్ని చూసుకోవడం నాకు చేతకాదని.

మొదటి ఏడాదంతా ఒకటే పని చేశాను. జుట్టు ఎండినట్టు అనిపించిన ప్రతిసారీ నూనె రాశాను. పొడి జుట్టు మీదే, రోజూ రాత్రి. పొద్దున లేచేసరికి దిండు గలేబు జిడ్డు, నుదురు జిడ్డు. జుట్టు మాత్రం పైకి నిగనిగలాడుతూ, పట్టుకుంటే ఎండుగడ్డిలా గరగరమనేది. నూనె సరిపోలేదేమో అనుకుని ఇంకాస్త పట్టించేదాన్ని.

అసలు లెక్క చాలా చిన్నది. వెంట్రుకకు కావాల్సిన తడి అంటే నీళ్లే. నూనెలో గానీ, జుట్టుకు రాసే బటర్‌లో (పాల వెన్న కాదు, గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) గానీ నీటి చుక్క ఉండదు. అవి చేసేది వెంట్రుక చుట్టూ ఒక పొరలా పట్టుకుని, లోపలి తడి త్వరగా ఆరిపోకుండా చూడటం. నేనేమో లోపల ఎవరూ లేని ఇంటికి రోజూ తాళం వేసి, ఎవరూ పలకడం లేదేమిటని బాధపడుతున్నాను. పైగా వంకీల జుట్టులో మాడు దగ్గర పుట్టే సహజమైన జిడ్డు ఆ మెలికలన్నీ దాటుకుని కొసల దాకా జారలేదు. అందుకే కుదుళ్లు జిడ్డుగానూ కొసలు ఎండిపోయీ ఉండేవి.

పేరుకున్న జిడ్డంతా పోయేలా ఒకసారి క్లారిఫైయింగ్ షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టి, తల ఇంకా తడిగా ఉండగానే లీవ్-ఇన్ కండిషనర్ (రాశాక కడగకుండా వదిలేసేది) రాసి, దాని మీద నాలుగంటే నాలుగు చుక్కల నూనె రాశాను. మూడో రోజు కూడా వేళ్లు చిక్కు పడకుండా దిగాయి. బాత్రూంలో అద్దం ముందు నిలబడి, నమ్మలేక, అదే పాయను మళ్లీ మళ్లీ నిమురుకున్నాను.

ఇక ఏ నూనె, ఏ బటర్ అన్న ప్రశ్న. అందరూ పొరోసిటీ చూసుకోమన్నారు, అంటే వెంట్రుక నీటిని ఎంత త్వరగా పీల్చుకుంటుందో, ఎంత త్వరగా వదిలేస్తుందో అని. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా అని చూసే పరీక్ష నేనూ చేశాను. ఒకసారి తేలింది, ఒకసారి మునిగింది. వెంట్రుకకు కాస్త జిడ్డు అంటి ఉన్నా తేలుతుంది, కాబట్టి దాన్ని నమ్మడం దండగ. దానికన్నా శుభ్రంగా కడిగి ఆరిన జుట్టు మీద స్ప్రే కొట్టి చూడటం నయం. నాకు మాడుకు దగ్గరగా, కొత్తగా పెరిగిన జుట్టు మీద నీటి బొట్లు తామరాకు మీద నిలిచినట్టు నిలిచాయి. కింద, పాత స్ట్రెయిటెనింగ్ కొసల మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఇంకిపోయాయి, పది నిమిషాల్లో ఆరిపోయాయి కూడా.

జుట్టు నెలకు ఒకటింబావు సెంటీమీటర్ పెరుగుతుందనుకుంటే, 45 సెంటీమీటర్ల జుట్టులో కొస వయసు మూడేళ్లు. మూడేళ్ల దువ్వెన, ఎండ, షాంపూ, వాటికి తోడు రసాయనాలు. ఆ కొసకూ నిన్న పుట్టిన వెంట్రుకకూ ఒకే మందు ఎలా సరిపోతుంది?

కొబ్బరి నూనె దగ్గర నాకు పెద్ద ఎదురుదెబ్బే తగిలింది. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, వంపు లేనిది, అందుకని వెంట్రుక లోపలికి దిగగలదు. తలస్నానంలో ప్రొటీన్ పోవడాన్ని అది తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అందులో దానితో పోల్చి చూసిన పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. ఇదంతా చదివి కొబ్బరి నూనె రాసుకుని వదిలేస్తే, నా లావు వెంట్రుకలు తీగల్లా బిగుసుకున్నాయి. నాలాంటి జుట్టున్నవాళ్లు చాలామంది ఇదే మాట చెబుతారు. ఇప్పుడు దాన్ని స్నానానికి గంట ముందు రాసి కడిగేస్తున్నాను. ఆ వాడకంలో మాత్రం దానికి వంక పెట్టలేను.

ఆముదం కథ వేరు. దానిలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే, ఆ చిక్కదనం దాని వల్లే. వట్టిది రాస్తే దువ్వెన మధ్యలో ఆగిపోతుంది, గాల్లో ఉన్న దుమ్మంతా నా తలమీదే. ఒక చెంచాకు నాలుగు చెంచాల తేలికైన నూనె కలిపితే గానీ దారికి రాలేదు. నాకు బాగా నచ్చింది జొజోబా, ఒక ఎడారి పొద గింజల నుంచి తీసేది. పేరుకు నూనే గానీ నిజానికి ద్రవంగా ఉండే మైనం. మన చర్మం వదిలే జిడ్డుకు దగ్గరగా ఉంటుంది, చాలాకాలం పాడవదు. మొరాకో చెట్టు గింజల నుంచి తీసే ఆర్గాన్ నూనె కూడా వాడాను. బాగానే ఉంది, దాని గురించి జరిగే హడావుడంత మాత్రం లేదు.

బటర్ల సంగతి తేల్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది. పాపిడి మధ్యకు తీసి ఎడమ పక్క షియా అనే ఆఫ్రికా చెట్టు గింజల బటర్, కుడి పక్క మ్యాంగో బటర్. మిగతావన్నీ రెండు పక్కలా ఒకటే. కోకో బటర్‌ను ముందే పక్కన పెట్టేశాను. వాసన చాక్లెట్‌లా ఎంత బాగున్నా, ముక్క సబ్బుబిళ్లంత గట్టిగా ఉంటుంది, అరచేతిలో ఎంత రుద్దినా త్వరగా కరగదు. షియా గింజల నుంచి తీసిన ముడి బటర్‌కు పొగ వాసన లాంటిది ఉంటుంది, కానీ చేతి వేడికే మెత్తబడిపోతుంది. మామిడి టెంకలోని జీడి నుంచి తీసేది ఇంకా తేలిక, జిడ్డు తక్కువ, వాసన దాదాపు లేనట్టే.

రెండో వారానికే తేడా కనబడింది. ఎడమ పక్క కొసలు నాలుగు రోజులు మెత్తగా ఉన్నాయి, కానీ పైన కొత్త జుట్టు మీద షియా ఇంకకుండా అట్టలా పరుచుకుని, వంకీలు అణిగిపోయాయి. కుడి పక్క పైభాగం హాయిగా గాలికి ఊగుతుంటే కొసలు రెండో రోజుకే ఎండిపోయాయి. కాబట్టి ఎడమా కుడీ కాదు, పైనా కిందా తేడా చూసుకోవాలి. పైన మ్యాంగో బటర్‌లో జొజోబా కలిపి, కొసలకు షియా. ఆ ఏర్పాటు కుదిరాక మొన్నటి దాకా మళ్లీ మార్చలేదు.

ఈలోగా రెండు తప్పులు. షియాను కరిగించి వంటగది గట్టు మీద వదిలేస్తే, మెల్లగా చల్లారి ఇసుక రవ్వల్లా పలుకులు కట్టింది. పాడైందనుకుని పారేయబోయాను. మళ్లీ కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకట్టింది. రెండోది కాస్త పెద్దది. కుదుళ్లకూ మంచిదే కదా అని మాడుకు పట్టించాను. నెల తిరక్కుండా దురద, పొట్టు, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు. చర్మం డాక్టర్ గారు చూసి, చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ ఇలాంటి కొవ్వు మీదే బతుకుతుందమ్మా, దానికి రోజూ విందు పెడుతున్నావు అన్నారు. అప్పటి నుంచి మాడుకు రెండు వేళ్ల దూరంలోనే నా చెయ్యి ఆగిపోతుంది.

డబ్బాల మీద పెద్ద అక్షరాలను నమ్మడం కూడా మానేశాను. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ముందు వైపు షియా షియా అని అరిచిన ఒక డబ్బా వెనక్కి తిప్పి చూస్తే, షియా పేరు సువాసన కన్నా కింద ఉంది.

పరిమాణం మాత్రం ఏ డబ్బా మీదా రాసి లేదు. మొత్తం తలకు నాకు సరిపోయేది బఠాణీ గింజంత బటర్, అది కూడా అరచేతుల్లో పూర్తిగా కరిగి నూనెలా మెరిశాకే. తెల్లగా కనిపిస్తుండగా రాస్తే జుట్టు మీద అలాగే తెల్లగా మిగులుతుంది, ఫొటోల్లో చుండ్రులా పడుతుంది. ఆ ఫొటో ఎవరికీ చూపించను.

పోయిన నెల చివరి స్ట్రెయిటెనింగ్ కొసలు కూడా కత్తిరించేశాను. ఇప్పుడు తలంతా ఒకే రకం జుట్టు, షియాకు పని లేకుండా పోయింది. డబ్బాలో ఇంకా సగం ఉంది, మడమలకు రాస్తున్నాను. అక్కడైతే ఎంత రాసినా ఎక్కువైందని ఇంతవరకూ అనిపించలేదు.