ముందు సకినం, మిర్చి ఆఖరున

అమెరికా నుంచి సెలవులకు దిగిన పిల్లలను మొదటి సాయంత్రమే హనుమకొండ చౌరస్తాకు తీసుకెళ్లి మిర్చి బజ్జీ చేతిలో పెడతాం. వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరగగానే మన తిండి వీళ్లకు ఎక్కదని తేల్చేస్తాం. చాలాసార్లు తప్పు తిండిది కాదు, పెట్టిన వరసది.

వేసవిలో న్యూయార్క్‌కూ ఇక్కడికీ తొమ్మిదిన్నర గంటల తేడా. పిల్లలు తెల్లవారుజామునే లేచి కూర్చుంటారు, సాయంత్రం ఏడింటికి తూలిపోతారు. కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు రాత్రి బిర్యానీ ప్లాన్లు పెట్టుకోవద్దు. పొద్దున ఏడింటికల్లా టిఫిన్ సెంటర్‌కు పోతే కళ్ల ముందే దించిన ఇడ్లీ దొరుకుతుంది. పొగలు కక్కే ఇడ్లీ, దోశ కడుపుకు భయం లేనివి. అనుమానించాల్సింది పొద్దుటి నుంచి బయటే ఉన్న చట్నీని, గ్లాసులో పోసిన నీళ్లను, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలను. మొదట్లో ఇడ్లీ మీద నెయ్యి చాలు.

పల్లి ఎలర్జీ ఉన్న పిల్లలకు ఈ ప్రాంతం అంత తేలిక కాదు. చట్నీలో పల్లి, సర్వపిండిలో పల్లి, పులిహోరలో పల్లి. నువ్వులు సరేసరి. బండి దగ్గర ‘పల్లీలు పడవు’ అంటే పల్లీలు ఏరి పక్కన పెట్టి ఇస్తారు, వాళ్లకు అది అలాగే అర్థమవుతుంది. ‘అన్నా, పల్లి ముట్టినా దవాఖానకు పోవాలె’ అనండి. అప్పుడు గరిటె కూడా మారుస్తారు. అయినా ఒకే మూకుడులో అన్నీ వేగే చోట ఆ పిల్లలకు ఏమీ కొనకపోవడమే మేలు. అడ్రినలిన్ పెన్నులు (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడిచే సూదిమందు) రెండు అమెరికా నుంచే తెచ్చుకోండి. ఇక్కడి మందుల షాపును నమ్ముకోవద్దు.

కారపు తిండ్లలో మొదటిది సకినం. అందులో కారమే లేదు: బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. సంక్రాంతి వంటే అయినా వరంగల్, కరీంనగర్ పిండివంటల దుకాణాల్లో ఏడాదంతా దొరుకుతుంది. కొనేముందు ఒకటి విరిచి చూడండి. పుటుక్కున విరగాలి, వాసనలో పాత నూనె తెలియకూడదు. ఇంటి దగ్గర చేయాలనుకుంటే ఒక్క మాట: ప్యాకెట్ పొడిపిండితో రాదు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వాడ్చి పట్టించిన తడిపిండే కావాలి. లేకుంటే చుట్టేటప్పుడే తెగుతుంది.

తర్వాత సర్వపిండి. కరీంనగర్ వైపు గిన్నప్ప అంటారు. చల్లారితే తోలులా సాగుతుంది, పిల్లలు వద్దనేది దాన్నే. వేడిగా కాల్చి ఇచ్చే చోటే తినిపించండి. అమెరికా వంటింట్లో ఇది సకినం కంటే తేలిక. రెండు కప్పుల బియ్యప్పిండి, పావు కప్పు కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, గంటసేపు నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, కరివేపాకు, వెల్లుల్లి, ఉప్పు. పిల్లల వాటాకు కారం బదులు చిటికెడు మిరియాల పొడి. వేడినీళ్లతో చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా కలిపి, నూనె రాసిన గిన్నెలో పావు అంగుళం మందాన ఒత్తాలి. వేలితో అయిదారు చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేయాలి. మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు. మందంగా ఒత్తితే నడుమ పచ్చిగా ఉంటుంది, మంట పెంచితే అడుగు మాడుతుంది. కరెంటు పొయ్యి అయితే గిన్నెను మధ్యమధ్యలో తిప్పండి. రెండోది వేడి గిన్నెలో ఒత్తబోతే చేతులు కాలతాయి, పిండి పరుచుకోదు. అందుకే గిన్నెలు రెండు పెట్టుకోవాలి.

ఎర్రగా కనిపించిందల్లా మంటెక్కదు. 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకన్న ముద్ర) వచ్చిన వరంగల్ చపాటా మిర్చి రంగుకు పేరు, ఘాటు తక్కువ. పచ్చడి కొనేటప్పుడు అది చపాటాదా, బాగా ఘాటుండే తేజా మిర్చిదా అని అడగండి. తేజా అయితే పిల్లల పళ్లెంలోకి రానివ్వొద్దు. ఇక మిర్చి బజ్జీ వంతు వచ్చినప్పుడు నిలువునా చీల్చి, గింజలతో పాటు లోపలి తెల్లటి ఈనెను తీసేయండి. ఘాటంతా ఎక్కువగా అక్కడే ఉంటుంది. మంటెక్కితే నీళ్లతో పోదు, పెరుగో పాలో ఇవ్వాలి.

తీపిలో డబుల్ కా మీఠా పిల్లలకు ఇట్టే దగ్గరవుతుంది, బ్రెడ్డే కాబట్టి. ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా అడిగితే పైన మలాయి వద్దనండి. వానాకాలంలో కోవా, మలాయి మీద నమ్మకం పెట్టుకోలేం, బెల్లం వంటలు నయం. నట్స్ పడని పిల్లలకు మాత్రం ఈ రెండు మీఠాలూ జీడిపప్పు, బాదం సంగతి అడగకుండా పెట్టొద్దు.

జులై, ఆగస్టుల్లో వస్తే మక్కగారెలు వదలొద్దు. లేత ముదురు కంకుల గింజలను అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చితో నీళ్లు పోయకుండా రుబ్బి వేస్తారు. కోడికూరతో తింటే ఆ జోడీయే వేరు. అమెరికాలో స్వీట్ కార్న్‌తో చేస్తే పిండి జారుతుంది, నూనె తాగుతుంది. అందులో నీరు, చక్కెర ఎక్కువ, మన మక్కలో పిండి ఎక్కువ. నాలుగు కంకులకు మూడు చెంచాల బియ్యప్పిండి కలిపి, మంట తగ్గించి వేయించండి. చక్కెర వల్ల పైన త్వరగా ఎర్రబడుతుంది, లోపల ఉడికిందో లేదో మొదటి గారె విరిచి చూసుకున్నాకే మిగతావి వేయాలి.