సోమవారం కొండ

నాన్‌జింగ్‌లో నాది ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ పని. లైన్ ఆగేది శని, ఆదివారాల్లోనే కాబట్టి ఆ రెండు రోజులూ మాకు ఊపిరాడదు. నా సెలవు సోమవారం. ఊళ్లో తెలుగు పిల్లలు కొందరు మెడిసిన్ చదువుతున్నారు కానీ సోమవారం వాళ్లకి క్లాసులు. అలా మూడు నెలలు సెలవంతా గదిలోనే పడుకుని గడిపేశాను.

అది చూసి మా షిఫు ఒకరోజు విసుక్కున్నారు. ఇక్కడ పని తెలిసిన పెద్దాయన్ని షిఫు అంటారు, మన వర్క్‌షాపుల్లో మేస్త్రీ అన్నట్టు. ఆయన నన్ను షావ్‌హ్వోజ్ అంటారు, అంటే కుర్రోడా అని. "కొండ ఎక్కావా?" అన్నారు. ఏ కొండ అని అడిగితే ఊరి తూర్పు వైపు చూపించారు. జిజిన్‌షాన్, అంటే ఊదా బంగారు కొండ. ఎత్తు 448 మీటర్లే కానీ, మొత్తం పార్కు దాదాపు 31 చదరపు కిలోమీటర్లు. మెట్రో ఎక్కితే కొండ కిందకే వెళ్లిపోతాం. ఆ దగ్గర్లో ఒక స్టేషన్ పేరు షియామాఫాంగ్, గుర్రం దిగే చోటని అర్థం. మింగ్ వంశపు మొదటి చక్రవర్తి సమాధి ఈ కొండ మీదే ఉంది. ఎంత పెద్ద అధికారి అయినా అక్కడ గుర్రం దిగి నడవాల్సిందే. నేను దిగింది మెట్రోలోంచి.

మొదటిసారి ఒక్కణ్ణే పోయి భంగపడ్డాను. అందరూ చెప్పే సన్ యట్ సేన్ (రాజరికం పోయాక చైనా రిపబ్లిక్‌కి మొదటి అధ్యక్షుడు) సమాధి 392 మెట్ల పైన ఉంటుంది. తీరా వెళ్తే సోమవారం సెలవట! ఏడాదంతా నా సెలవూ దాని సెలవూ ఒకే రోజు. (తర్వాత ఓ పండగ రోజు ఎక్కాను. కింద నుంచి చూస్తే మెట్లు తప్ప ఏమీ కనబడవు. పై నుంచి చూస్తే ఒక్క మెట్టూ కనబడదు, మధ్యమధ్య చదునుగా ఉన్న జాగాలే కనిపిస్తాయి. కట్టినవాడు గడుసువాడు.)

తర్వాతి సోమవారం షిఫు లీవు పెట్టి మరీ వచ్చారు. పొద్దున ఆరుగంటలకే కొండ దారంతా ముసలివాళ్లే. ఒకాయన వెనక్కి నడుస్తున్నాడు, ఒకామె చెట్టుకేసి వీపు బాదుకుంటోంది, పైనుంచి ఎవరో గొంతు చించుకుని ఓ అని అరుస్తున్నారు. నేను కంగారుపడితే షిఫు నవ్వి, ఊపిరితిత్తులకి మంచిదన్నారు. మా ఊళ్లో అలా అరిస్తే భూతవైద్యుణ్ణి పిలుస్తారు.

అక్కణ్ణుంచి లింగూ గుడి వైపు దిగాం. శరదృతువు. గుయ్‌హువా పూలు విరగబూశాయి. గోరంత పసుపు పూలు, వాసన మాత్రం పొగడకీ పారిజాతానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. 1381లో కట్టిన ఇటుకల హాలు ఒకటుంది, దూలమన్నదే లేదు, అన్నీ కమానులే. షిఫు మెకానిక్ బుద్ధితో గోడ తట్టి చూసి తలాడించారు.

గుడి లోపల ఒక మందిరంలో చిన్న స్తూపం. అందులో ఒక బౌద్ధ భిక్షువు కపాలపు ఎముక ముక్క ఉందని షిఫు చెప్పారు. పేరు శ్వెన్‌జాంగ్ అన్నారు. నాకు తట్టలేదు. ఫోన్‌లో చూపించాక ఒళ్లు జలదరించింది. ఆరో తరగతి సోషల్ పుస్తకంలో మేం బట్టీ పట్టిన హుయాన్‌త్సాంగ్! హర్షుడి కాలంలో వచ్చిన చైనా యాత్రికుడు, రెండు మార్కుల ప్రశ్న.

నాది అమరావతి పక్క పల్లె. ఆయన మా ధాన్యకటకానికి క్రీ.శ. 640 ప్రాంతంలో వచ్చి, కొన్ని నెలలు ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. అప్పటికే ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై మిగిలాయని రాసిపెట్టాడు. ఆ ఎముకలు 1942లో నాన్‌జింగ్‌లోనే తవ్వకాల్లో బయటపడ్డాయి. తర్వాత పంచుకున్నారు, 1957లో ఒక వాటా మన దేశానికీ వచ్చింది, పాట్నాలో ఉంది.

ఇదంతా ట్రాన్స్‌లేటర్‌లో కొట్టి చూపించాను. షిఫు రెండుసార్లు చదివి, "తాంగ్ సెంగ్ మీ ఊరొచ్చాడా!" అని అరిచారు. ఇక్కడి కోతి రాజు కథలో శ్వెన్‌జాంగ్ పేరు అదే, చిన్నపిల్లలకీ తెలుసు. గుళ్లో ఊడుస్తున్న ఆవిడ కూడా చీపురు ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను శాకాహారిని. క్యాంటీన్‌లో మాంసం లేదు కదా అని అడిగితే లేదనేవారు, తీరా చూస్తే బీన్స్ నిండా పంది ఖీమా. రుచికి కాస్త వేశాం, అది మాంసమెలా అవుతుందని వాళ్ల వాదన. మూడు నెలలు తెల్లన్నం, ఆవకాయతోనే బతికాను.

మంగళవారం క్యూలో నా వంతు రాగానే వడ్డించే ఆవిడ, "తాంగ్ సెంగ్ ఊరబ్బాయివి నువ్వేనా?" అంది. షిఫు అప్పటికే ఊరంతా చాటారన్నమాట. తాంగ్ సెంగ్ మాంసం ముట్టడు, అది ఇక్కడ అందరికీ తెలిసిందే. ఆవిడ గరిటె పక్కన పెట్టి లోపలికెళ్లి, వేరే బాణలిలో ఖీమా లేకుండా చేసిన టోఫు తెచ్చింది. అప్పట్నుంచి రోజూ తీసి ఉంచుతోంది. ఉప్పు మాత్రం ఎక్కువే.