ఓడ దిగిన తేదీ

ఓడలో నావికుడిగా నా ఏడు నెలల ఒప్పందం ముగిసింది. ఆరు రోజుల తర్వాత మరో రేవులో అదే కంపెనీ ఓడ ఎక్కాలి. అంతవరకు రేవులో కంపెనీ పనులు చూసే ఏజెంటు చూపించే హోటల్లో ఉండమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏడు నెలల్లో పదకొండు రేవులకు వెళ్లి, వాటిలో ఎనిమిదింటిని గ్యాంగ్‌వే మీద నుంచే, అంటే ఓడ దిగే మెట్ల మీద నుంచే చూసినవాణ్ణి. నా ఖర్చుతో జర్మనీలోని హాంబుర్గ్ వెళ్లి వస్తానని రాసి ఇచ్చాను, అనుమతి వచ్చింది. చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ముందే ఉంది. రైలు టికెట్టు ఫోనులోనే దొరికింది.

ఇక మిగిలింది రేవులోని ఇమ్మిగ్రేషన్ గది. ఉదయం ఎనిమిదిన్నరకు అందులో అడుగుపెట్టాను. బయటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది.

అధికారి నా సీడీసీ తెరిచారు. ఏ ఓడలో ఎప్పుడు చేరామో, ఎప్పుడు దిగామో కెప్టెన్ రాసి సంతకం చేసే పుస్తకం అది. కాసేపు దానినీ, ఎదురుగా ఉన్న కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూసి, "మీరు 8న ఓడ దిగారు. ఓడ రేవుకు వచ్చింది 9న. ఈ మధ్యలో ఎక్కడున్నారు?" అని అడిగారు.

సముద్రంలో ఉన్నానని చెప్పాను. అది నిజం. పని ఒత్తిడి ఉంటుందని కెప్టెన్ ముందురోజే పుస్తకంలో 8 అని రాసి ముద్ర వేసి పెట్టారు. ఆ సాయంత్రం పొగమంచు కమ్మి, ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ రావడం ఆలస్యమైంది. ఓడను రేవులో కట్టేసరికి 9వ తేదీ తెల్లవారుజామున మూడయింది. ఆ తాళ్లు లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. నా జవాబుకు వెనక వరుసలో ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. పక్కకు నిలబడమన్నారు.

తర్వాత పెట్టె తెరిపించారు. నూనె మరకల పని బట్టలు, అమ్మ కోసం కొన్న శాలువా, మందుల పొట్లం, అన్నీ బల్ల మీద పరిచారు. ఎవరి ఓడలోంచి దొంగతనంగా దిగానో చెప్పమన్నట్టు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి ప్రశ్నలు వేశారు. ఏడు నెలల్లో ఒక్క రాత్రి కాపలా కూడా తప్పని నన్ను, ఒక అంకె కోసం పారిపోయినవాడిలా నిలబెట్టారు. చేతులు వణికాయి. కోపంతోనో భయంతోనో ఇప్పటికీ చెప్పలేను.

దిద్దించుకుని రమ్మన్నారు. ఓడ ఇంకా రేవులోనే ఉంది కాబట్టి తేలికే అనుకున్నాను. రేవు గేటు దగ్గర కాపలాదారు సిబ్బంది జాబితా చూసి, మీ పేరు లేదు, లోపలికి పంపలేనన్నాడు. 2004 నుంచి రేవుల భద్రత నియమాలు గట్టిగా ఉన్నాయి, అతని తప్పేమీ లేదు. పొద్దునే నా పేరు జాబితాలోంచి తీసేశారు. ఓడకు నేను పరాయివాణ్ణి, దేశానికింకా రానివాణ్ణి. ఆ రెండు గుమ్మాల మధ్య పెట్టె పట్టుకుని మూడుసార్లు తిరిగాను.

ఏజెంటుకు ఫోను చేస్తే ఎత్తలేదు. పదోసారికి ఎత్తి, మరో ఓడ పనిలో ఉన్నానని పెట్టేశాడు. నావికులారా, ఏజెంటు మాటను నమ్మి ఒక్క కాగితం కూడా చూడకుండా దిగకండి. అతనికి జీతం ఇచ్చేది కంపెనీ, మీరు కాదు. చివరికి ఆదుకున్నది మా బోసన్, అంటే డెక్ మీద మా పని నడిపించే పెద్ద. విషయం చెప్పగానే భోజనం వదిలేసి గేటు దాకా నడిచి వచ్చి పుస్తకం పైకి తీసుకెళ్లాడు. కెప్టెన్ 8ని ఒక్క గీతతో కొట్టి, 9 వేసి, పక్కన సంతకమూ ముద్రా వేశారు. ఓడలో రోజూ జరిగేది రాసే లాగ్ పుస్తకంలోని పేజీ నకలు కూడా ఇచ్చారు. అది చూశాక అధికారి రెండు నిమిషాల్లో పని ముగించారు. ఒక్క క్షమాపణ మాట అనలేదు.

2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం, నావికుడి ఆరోగ్యం కోసం ఒడ్డుకు వెళ్లనివ్వాలని స్పష్టంగా చెబుతుంది. షెంగెన్ నియమాల్లోనూ, సిబ్బంది జాబితాలో పేరున్నంతవరకు వీసా లేకపోయినా రేవు ఊరిలోనూ పక్క ఊళ్లలోనూ తిరగవచ్చు. పేరు కొట్టేసిన క్షణం నుంచి ఆ వెసులుబాటు పోతుంది. ఈ సంగతి శిక్షణలో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అనుకున్న రైలు వెళ్లిపోయింది, ఇంకో టికెట్టు కొన్నాను. హాంబుర్గ్‌లో నాలుగు రోజులు నడిచాను. మొదటి రాత్రి ఇంజిను శబ్దం లేక నిద్ర పట్టలేదు. రెండో రోజు ఎల్బే నది కింద 1911లో తెరిచిన పాత సొరంగంలోకి దిగాను. 24 మీటర్ల లోతు, 426 మీటర్ల పొడవు. తెల్లటి పలకల గోడల మధ్య నడుస్తూ, తలపైన ఓడలు పోతుంటాయని తలచుకుని మధ్యలో ఆగాను. ఎప్పుడూ నీళ్ల పైన ఉండేవాణ్ణి, ఆ రోజు నీళ్ల కింద ఉన్నాను. ఏడు నెలల అలసట అక్కడ దిగింది. ఒక సాయంత్రం రేవు దగ్గర 1986 నుంచి నడుస్తున్న డుక్‌డాల్బెన్ అనే నావికుల క్లబ్బుకు వెళ్లాను. అక్కడ నన్నెవరూ తేదీ అడగలేదు.

ఇంకో సంగతి. కొత్త ఓడ ఎక్కిన రోజే దేశం వదిలినట్టు లెక్క వేసుకోకండి. ఓడ రేవులో చాలాకాలం ఆగి ఉంటే, అది త్వరలో బయలుదేరబోతుందని కెప్టెన్ తెలిపినప్పుడే నావికుడికి నిష్క్రమణ ముద్ర, అంటే దేశం వదిలినట్టు పాస్‌పోర్టులో వేసే ముద్ర, వేయాలని 2020లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అలా ఓడ రేవులో ఉన్న రోజులు, షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా ఉండనిచ్చే మీ 90 రోజుల్లోంచే పోతాయి.

ఆరో రోజు మధ్యాహ్నం కొత్త ఓడ ఎక్కాను. కెప్టెన్ సీడీసీలో చేరిన తేదీ రాస్తుంటే పక్కనే నిలబడి, గోడ మీది క్యాలెండర్‌తో సరిపోల్చుకుని, ఆ తర్వాతే నా గదికి వెళ్లాను.