పాత కారు, కొత్త బేరం

కొత్త కారుకు ఎక్స్ఛేంజ్‌గా ఇద్దామని తీసుకెళితే, షోరూం కుర్రాడు మా పాత స్విఫ్ట్ డోర్ రబ్బరు లాగి యాక్సిడెంట్ అయిందేమోనని వెల్డింగ్ చుక్కలు చూశాడు, టైర్ల తేదీలు చదివాడు, పెదవి విరిచి ఓ రేటు చెప్పాడు. మరీ దారుణం! సర్వీసు బిల్లులు, రెండో తాళం, లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ, బయట రాయించుకొచ్చిన రేట్లు బల్ల మీద పెట్టాను. అంకె కదిలింది. కొత్త కారు డిస్కౌంటు ముందే తేల్చుకున్నా కాబట్టి అక్కడ కోసి ఇక్కడ కలపడం కుదరలేదు. ఎక్స్ఛేంజ్ బోనస్ కూడా విడిగా రాయించుకున్నా.

అన్నట్టు, ఇన్సూరెన్సులో వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. దాన్ని కొత్త కారుకు మార్పించా.

పాత కారు పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. పేరు మారిన ఆర్సీ కాపీ కోసం ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నా.