హనుమకొండ నుంచి మధ్యధరా రేవులకు

క్రూయిజ్ టికెట్ కొనేవాళ్లు మామూలుగా ముందు అడిగేది గది ఎంతుంది, బాల్కనీ ఉందా, తిండి ఏం పెడతారు అని. మా ఆయనా, నేనూ అడిగింది ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఎట్లా పోవాలి అని. రిటైరయ్యేదాకా బడిపిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, రోమ్, పలెర్మో అని ఓడ దారి చూడగానే నా మనసు ఆ ఊళ్ల మీదికే పోయింది. ఓడ కంపెనీ అమ్మే టూర్లు చాలా ఖరీదు. అవే ఊళ్లలో అక్కడి జనం రోజూ ఎక్కే రైళ్లు, బస్సులు ఉన్నాయి. మా ఈడువాళ్లు కూడా నిబ్బరంగా వాటిలో తిరగొచ్చు. కాకపోతే సగం పని ఇంట్లోనే పూర్తి కావాలి.

అందులో మొదటిది వీసా. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడింటికీ ఒకే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి అప్లై చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఓడ మధ్యలో ట్యునీషియా లాంటి షెంజెన్ బయటి దేశంలో ఆగేదైతే మల్టిపుల్ ఎంట్రీ, అంటే బయటికి పోయి మళ్లీ లోపలికి రానిచ్చే వీసా ఉండాల్సిందే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్స్ లేకుండా వీసా రాదు. పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఓడ బుకింగ్ అన్నీ వరుసగా పెట్టుకుని హైదరాబాద్ పోయి వేలిముద్రలు ఇచ్చొచ్చాం.

రెండోది నడక. ఇది వీసా కన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఆ పాత ఊళ్ల దారులన్నీ రాళ్లు పరిచినవి, మెట్లు, ఎగుడుదిగుళ్లు. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే ఇద్దరం నడిచేవాళ్లం. అక్కడ వేసుకోబోయే బూట్లతోనే, వీపుకు అదే బ్యాగుతో. కొత్త బూట్లు ప్రయాణంలో మొదటిసారి తొడిగితే మడమలు పుండ్లవుతాయి, ఆ మీద రేవులన్నీ కిటికీలోంచి చూడాల్సి వస్తుంది.

మందులన్నీ చేతిసంచిలోనే పెట్టాను, డాక్టరు రాసిన చీటీలో మందుల అసలు పేర్లతో సహా. ఓడ ఎక్కే చోట పెద్ద సూట్‌కేసులు తీసేసుకుంటారు, అవి గదికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ ఓడలోకి రానివ్వరు. మన లావు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవాలి.

పక్కింటి ఆమెకు తిండి గురించే దిగులు. “వదినా, అన్ని దినాలు నీళ్ల మీద ఎట్లుంటరు? తినేతందుకు ఏమన్న దొరుకతదా?” అని సంచి నిండా సర్దబోయింది. నెయ్యి మిఠాయిలు, పాలకోవా వద్దన్నాను. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకుపోకూడదు. ఇంట్లో వండినవి ఓడవాళ్లు ఒప్పుకోరు. అందుకని దుకాణంలో సీలు వేసిన సకినాల ప్యాకెట్లు కొన్నాం. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, అంతే కదా! ఎక్కడా ఎవరూ అడ్డు చెప్పలేదు. శాకాహారం కావాలని కంపెనీకి ముందే రాసిపెట్టాం కాబట్టి భోజనానికి లోటు రాలేదు.

ఓడ బయల్దేరే రోజునే విమానం దిగేలా టికెట్ కొనొద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. మేము ముందే బార్సిలోనా చేరి మెట్రోలో తిరిగాం. టీ-కాజువల్ అని పది ప్రయాణాల టికెట్ ఉంటుంది. ఒకదాన్ని ఇద్దరు వాడుకోవడానికి లేదు, ఎవరిది వాళ్లు కొనాలి. సగ్రాదా ఫమీలియా చర్చి పని 1882లో మొదలైంది. దాన్ని తన ప్రాణంగా కట్టిన వాస్తుశిల్పి గౌదీ 1926లో ట్రాము తగిలి చనిపోయాడు. లోపల ఆ స్తంభాలు పైకి పోతూ చెట్ల కొమ్మల్లా చీలిపోతుంటే కూర్చుని అట్లాగే చూశాను. లా రాంబ్లా వీధిలో మాత్రం బ్యాగు ముందుకు తిప్పుకుని నడవాలి, జేబుదొంగలు ఎక్కువ.

ఓడలోకి అడుగుపెట్టగానే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఊళ్ల మ్యాపులు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకున్నాం. మార్సెయ్‌లో పాత రేవు, కొండ మీది చర్చి చూసి తొందరగానే వచ్చేశాం.

రోమ్ రేవు అంటారు గానీ ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు, కాజీపేట నుంచి భువనగిరి పోయినంత. ఓడ దగ్గర ఉచిత బస్సు ఎక్కి రేవు గేటుదాకా, అక్కడి నుంచి స్టేషనుకు, తర్వాత మామూలు రైలు. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. రోమా సాన్ పియేత్రో స్టేషన్‌లో దిగితే వాటికన్ నడిచే దూరమే.

టైబర్ నది దాటి పాంథియన్‌కు నడిచాం. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126లో పూర్తయిన గుడి. 43 మీటర్ల వెడల్పు గుమ్మటం, లోపల ఇనుము లేదు, ఒట్టి కాంక్రీటు. నడినెత్తిన ఆకాశం కనిపించే గుండ్రటి కంత; అందులోంచి పడ్డ వాన పోవడానికి నేలలో చిన్న చిన్న రంధ్రాలు. మా ఆయన నీటిపారుదల శాఖలో చేసినవారు, తల పైకెత్తి చాలాసేపు దించలేదు. “కింద బరువు రాయి కలిపిన్రు, పైకి పోయినకొద్ది తేలిక రాయి. మన రామప్ప ఇటుకల లెక్కనే గదా!” అన్నారు. నిజమే. పాంథియన్ పైభాగంలో కలిపింది అగ్నిపర్వతాల్లో పుట్టే బోలు రాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడింది నీళ్లలో తేలే ఇటుక. కట్టినవాళ్లు ఒకరినొకరు ఎరగరు, మధ్య వెయ్యేళ్ల పైనే తేడా. ఇద్దరికీ ఒకటే సమస్య, పైన బరువు తగ్గించడం.

రోమ్‌లో నీళ్ల సీసా కొనక్కర్లేదు. వీధి వీధికీ నాసోని అని ఇనుప పంపులుంటాయి, ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. వంగిన గొట్టం కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న కంతలోంచి నీళ్లు నోటికి అందేలా చిమ్ముతాయి. ఒక ముసలాయన చూపించి వెళ్లారు. తిరుగు రైలు మాత్రం, ఒకటి తప్పినా ఆ తర్వాతది అందేలా ముందే చూసుకున్నాం. కంపెనీ టూరుకు పోయినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా పోయినవాళ్ల కోసం ఆగదు.

రోమ్ కన్నా ముందే ఆగిన జెనోవా గురించి ఇప్పుడు చెప్తున్నాను, ఎందుకంటే నేను ఎక్కువ ఎదురుచూసింది ఆ ఊరికోసమే. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో యుద్ధంలో పట్టుబడి 1298లో జెనోవా చెరలో ఉన్నాడు. తోటి ఖైదీ రుస్తికెల్లోకు తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. అందులో మన తూర్పు తీరపు రేవు మోటుపల్లి పేరుతో ఒక రాజ్యం ఉంది, దాన్ని న్యాయంగా ఏలిన రాణి ఉంది, వజ్రాలున్నాయి, సాలెగూడంత సన్నని బట్ట ఉంది. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు చెప్తారు. మార్కో పోలోను ఉంచింది పాత రేవు ఒడ్డున గోడల నిండా బొమ్మలున్న పలాజ్జో సాన్ జార్జోలోనే అని అక్కడివాళ్లు అంటారు.

దాని ముందు నిలబడి మా ఆయనకు మోటుపల్లి శాసనం సంగతి చెప్పాను. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో, మేము సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయపడకండి అని పరదేశి వర్తకులకు రాయి మీద రాసిచ్చాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజు అంత దూరపు రేవులో దిగే కొత్తవాడి భయం గురించి ఆలోచించాడు. ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. పరాయి రేవులో దిగి నిలబడి చెప్తుంటే మాత్రం గొంతు పట్టేసింది.

పక్క సందులో కట్టెల పొయ్యి దుకాణంలో ఫరినాతా తిన్నాం. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కాలుస్తారు. అంచు కరకర, మధ్యలో మెత్తన. జెనోవాలో ఓడ దిగిన చోటు నుంచి ఇవన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. మీ ఓడ అక్కడ ఆగితే టూరు కొనకండి.