ఎడమ చెయ్యి

నవంబరు వానల్లో ఒక రాత్రి, రెండు గంటలప్పుడు, భుజం రెక్క నుంచి చిటికెన వేలి దాకా ఎవరో తాడు కట్టి లాగినట్టయి లేచి కూర్చున్నాను. ఎడమ చెయ్యంతా తిమ్మిరి, ఒళ్ళంతా చెమట. గుండెపోటే అనుకున్నాను. మా ఆయన ఆటో కోసం పరుగెత్తాడు. నిద్రపోతున్న పిల్లలిద్దర్నీ చూస్తూ, "గోవిందా, ఈసారికి నన్ను వదిలెయ్, నడిచి కొండెక్కుతాను" అని మొక్కుకున్నాను. తిరుపతిలో మా కొర్లగుంట నుంచి ఆసుపత్రి దాకా వాన. చెయ్యి నాది కానట్టు ఒళ్ళో పడి ఉంది.

ఈసీజీ, రక్త పరీక్షలు బాగానే వచ్చాయి. అప్పుడు డ్యూటీ డాక్టరు నవ్వుతూ, "ఇంట్లో గొడవేమైనా పడ్డారా అమ్మా?" అన్నాడు. అదీ నలుగురి ముందు. పదహారేళ్ళుగా మిషను మీద వంగి జాకెట్లు కుడుతున్నాను. ఏం పని చేస్తావని ఒక్క మాట అడగలేదాయన. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. తెల్లారేదాకా నా పక్కనే కూర్చున్న నర్సమ్మకు మాత్రం దండం పెట్టాలి.

తర్వాత ఎముకల డాక్టరు మెడ చూసి, నరం నొక్కుకోలేదు, కండరాలు బిగుసుకున్నాయని ఫిజియోథెరపీకి రాశారు. అక్కడి అమ్మాయి ముందు ప్రశ్నలే అడిగింది: రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, కాళ్ళు వాస్తున్నాయా, ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా అని. ఆ తర్వాతే చెయ్యి వేసింది.

తను చేసేది డీప్ టిష్యూ మసాజ్, అంటే లోపలి కండరాల దాకా దిగే మర్దనా అంది. తలంటు ముందు నూనె మర్దనా లాంటిదనుకున్నాను. ఇందులో నూనె కొంచెమే. బొటనవేలితో, మెటికలతో, ఒక్కోసారి మోచేత్తో చాలా నిదానంగా నొక్కుతుంది. పైకండరం వదులైతేనే లోపలి పొరకు దిగుతుంది. భుజం రెక్క పక్కన ఒక్కచోట నొక్కగానే ఆ రాత్రి నొప్పే చేతిలోకి పాకింది. "ఇదేనక్కా" అంది. నా నొప్పి నిజమని ఒకరు వేలు పెట్టి చూపించేసరికి ఏడుపొచ్చింది.

కండరంలో బిగుసుకున్న ముడిని చితక్కొట్టడం కాదట. ఒత్తిడి నిలకడగా పడితే నరాలు నెమ్మదించి కండరం పట్టు వదులుతుందట. "ఓర్చుకోవద్దు, ఎక్కువైతే చెప్పండి" అనేది. మర్నాడు ఒళ్ళు పులిసినట్టుండి, రెండో రోజుకు తగ్గేది. ఇంట్లో వ్యాయామం చెయ్యకుండా వెళ్ళిన వారం మాత్రం గట్టిగా కోప్పడింది. బిగుతు మళ్ళీ వచ్చేసింది మరి.

మా అత్తమ్మ కూడా పిక్క నొప్పని నాతో వచ్చింది. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండటం చూసి ఆ అమ్మాయి అసలు ముట్టుకోలేదు, వెంటనే స్కానింగుకు పంపింది. సిరలో రక్తం గడ్డ! రుద్ది ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో. అందుకే చేతులెత్తి చెబుతున్నాను, ఎవరో బాగా తొక్కుతారట అని పరుగెత్తకండి. ఎడమ చెయ్యి లాగితే ముందు గుండె చూపించుకోండి.

మిషను ముందు కుర్చీ ఎత్తు పెంచాను, అరగంటకోసారి లేస్తున్నాను. మొన్న మాఘమాసంలో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాను. మోకాళ్ళ మెట్టు దగ్గర అత్తమ్మ కోసం కొన్న పసుపు కుంకుమల సంచీని ఎడమ చేతికి మార్చుకున్నాను.